లాభంతో మొదలైన లెక్క

మే నెల మూడో ఆదివారం. మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. నూజివీడు ఊరి చివర కాలేజీ మైదానంలో, షామియానా నీడన, నేను వెంట తీసుకువెళ్ళిన థర్మామీటరు నలభై ఒక్క డిగ్రీలు చూపించింది. ఆకాశంలో ఎక్కడా మబ్బు లేదు. అంతవరకు విసిరికొట్టిన పడమటి గాలి ఓ పావుగంట క్రితమే తగ్గింది. ఈ నాలుగు సంగతులూ అప్పటికప్పుడు డైరీలో రాసుకున్నవి కాబట్టి నిస్సందేహంగా చెప్పగలను. ఆ సాయంత్రం జరిగిన తక్కినవాటి గురించి అంత నిశ్చయంగా చెప్పలేకపోతున్నాను. ఎన్నిసార్లు డైరీ తిరగేసినా ఒకదానికొకటి పొసగవు.

పంటల దిగుబడి లెక్కలు రాసే కార్యాలయంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. మనిషి మాట కంటే తేదీ నమ్మదగినదని, తేదీ కంటే తూకం నమ్మదగినదని అనుకుంటూ అంత కాలమూ గడిపాను. ఆ రోజు మామిడి పళ్ళ పండగకు వెళ్ళింది కూడా తినడానికి కాదు, లెక్కపెట్టడానికి.

మా అక్కయ్యకు ముసునూరులో తోట ఉంది. అందులో ఆరు చెట్లు ఆవిడ అత్తగారు టెంకలు పాతి పెంచినవి. అంటుకట్టినవి కావు కాబట్టి వాటి కాయకు పేరు లేదు. ఇంట్లో ‘పెరటి కాయ’ అంటాం. గుప్పిట్లో ఇమిడేంత ఉంటుంది, తోలు పల్చన, పీచు ఎక్కువ. కత్తితో కోస్తే ముక్క నిలవదు. మెత్తగా నలిపి, ముచిక తీసి, జుర్రుకోవాలి. చెట్టు మీద నుంచి దించిన మూడో రోజుకు పండుతుంది, అయిదో రోజుకు పనికిరాదు. అందువల్ల ఊరు దాటదు. మా మేనల్లుడు, అంటే అక్కయ్య కొడుకు, ఆ చెట్లు తీసేసి అక్కడ కూడా పామాయిల్ వేయాలని రెండేళ్ళుగా అంటున్నాడు. అంతకుముందు గురువారం సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు, వాళ్ళ వరండాలో, నా ఎదుటే ఆ విషయం తేలిపోయింది.

“ఆ కాయ ఈ రోజుల్లో ఎవడు తింటాడే అమ్మా? పీచు పళ్ళల్లో ఇరుక్కుంటుంది. మార్కెట్ యార్డుకి తీసుకెళ్తే ట్రాక్టర్లోంచి దించుకోను కూడా దించుకోరు” అన్నాడు.

“తినడం చేతకాక పీచంటున్నావు. నీకు ముక్కలు కోసి, ఫోర్కు గుచ్చి ఇవ్వాలి” అంది అక్కయ్య.

“సరే. ఆదివారం పండగలో మనకూ ఓ స్టాలు ఇచ్చారుగా. పట్టుకురా నీ కాయలు. వందమంది తింటే, ఊరికే నాలిక్కి రాసుకుని పోవడం కాదు, టెంక తెల్లబడేదాకా తింటే, చెట్ల జోలికి రాను. లేదంటే మంగళవారం జేసీబీ వచ్చేస్తుంది.”

“వందమందే కదా. మాట మీదుంటావా?”

“ఉంటాను. నువ్వుంటావా?”

“నేనెప్పుడు తప్పాను? ఇంతకీ లెక్కపెట్టేదెవరు?”

ఇద్దరూ నా వైపు తిరిగారు.

“మామయ్యయితే నాకు ఓకే. మా పెళ్ళికొచ్చి భోంచెయ్యకుండా వెళ్ళిపోయినవాళ్ళెంతమందో కూడా రాసుకున్న మనిషి” అన్నాడు మేనల్లుడు.

“పదిహేడుగురు” అన్నాను.

అలా నేను ఆ బాధ్యత ఒప్పుకున్నాను. ఆదివారం ఉదయం గంపల్లోకి ఎక్కించిన పళ్ళు నూట ముప్పై రెండు. ఆ అంకె విషయంలో మాత్రం ఎవరికీ పేచీ లేదు.

రద్దీగా ఉండే తిండి పండగలకు ఎలా వెళ్ళాలన్న విషయంలో నాకు కొన్ని పద్ధతులు ఉన్నాయి. అడిగినవాళ్ళకు చెబుతూ ఉంటాను. లోపలికి వెళ్ళగానే తినకూడదు. ముందు మైదానమంతా ఒక చుట్టు తిరిగి, ఎన్ని స్టాళ్ళు ఉన్నాయో, ఏది ఎక్కడ ఉందో చూసుకోవాలి. పులుపు, కారం ముందు తిని, తీపి చివరకు ఉంచాలి. తీపి ముందు తింటే తక్కినవన్నీ చప్పగా తోస్తాయి. ఏదైనా సగమే తీసుకోవాలి, లేదా ఇద్దరు ఒకటి పంచుకోవాలి. పాత నూలు చొక్కా వేసుకుని చేతులు మోచేతి దాకా మడుచుకోవాలి. తడిపి పిండిన తువ్వాలు ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవాలి, ఎందుకంటే చేతులు కడుక్కునే చోట ఎప్పుడూ బారు ఉంటుంది. తప్పిపోతే కలుసుకోవడానికి ఒక గుర్తు అనుకోవాలి. అది మనిషో స్టాలో కాకూడదు, కరెంటు స్తంభంలాంటిదై ఉండాలి.

ఈ పద్ధతులన్నీ మూడుసార్లు పరీక్షించి చూసినవే. ఆ రోజు ఒక్కటీ నిలబడలేదు. గేటు దగ్గరే స్వాగతం పేరుతో ఇంత బంగినపల్లి ముక్క నోటికి అందించారు కాబట్టి తీపి ముందు వచ్చింది. చుట్టు తిరగబోతే జనం ఒకే దిక్కుగా ప్రవహిస్తున్నారు. వాళ్ళు ఎటు తీసుకుపోతే అటు పోవలసిందే. ముప్పై ఎనిమిది స్టాళ్ళు లెక్కపెట్టాననుకున్నాను గాని, మామిడికాయ పులిహోర స్టాలు ముందుకు మూడుసార్లు వచ్చి పడ్డాను. అది మూడు స్టాళ్ళుగా లెక్కలోకి వచ్చిందో ఒకటిగానే వచ్చిందో తెలియదు. అక్కడి ఆవిడ ప్రతిసారీ “తీసుకోండి బాబాయ్‌గారూ, మొహమాటపడకండి” అని ఆకుదొన్నె చేతిలో పెట్టింది. మూడుసార్లూ తిన్నాను. చేసింది ఒక్క గుండిగే అని ఆవిడే చెప్పింది. అయినా మూడోసారి తిన్నది మొదటిసారి కంటే బాగుంది. దీనికి కారణం నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

మా స్టాలు చేరేసరికి మూడు గంటల నలభై నిమిషాలు. ఒక బల్ల, దాని మీద గడ్డి పరిచిన రెండు గంపలు, కింద నీళ్ళ బకెట్టు, తిన్న టెంకలు వేయడానికి వెదురు బుట్ట. అక్కయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒక్కొక్క పండునూ తనే నలిపి, ముచిక తీసి ఇస్తోంది. మేనల్లుడు పక్కన నిలబడి ఫోనులో మీట నొక్కి లెక్కపెట్టే ఏర్పాటు ఒకటి పెట్టుకున్నాడు. నేను నోటుపుస్తకంలో నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డగీత. మొదటి ఇరవై నిమిషాల్లో పదకొండుగురు. అంతవరకు లెక్క శుభ్రంగా ఉంది.

నాలుగు గంటలకు పక్క స్టాలులో ఆవకాయ అన్నం ముద్దలు కలుపుతున్నారని మైకులో చెప్పారు. అంతే, మైదానంలో సగం జనం మా వైపు వచ్చారు. ఆ ముద్ద తిన్నవాళ్ళకు నోరు మండి, తీపి కావాలనిపించి, చెయ్యి చాపితే అందేది మా గంపే. నా పద్ధతి ప్రకారం కారం తర్వాత తీపి సరైన వరసే. కాని అన్ని చేతులు ఒక్కసారి వస్తే ఏ చెయ్యి ఏ మనిషిదో చెప్పడం ఎలా?

భార్యాభర్తలు ఒకే పండు చెరిసగం జుర్రారు. వాళ్ళను ఇద్దరుగా రాయాలా, ఒక్కరుగా రాయాలా? అయిదుగురు కాలేజీ అమ్మాయిలు అయిదు పళ్ళు తీసుకుంటే బుట్టలో పడ్డవి మూడు టెంకలే. కాసేపటికి మరో రెండు పడ్డాయి, అవి వాళ్ళవే అనడానికి ఆధారం లేదు. ఒక పెద్దాయన సగం తిని, “అద్భుతంగా ఉందండీ” అని మెచ్చుకుని, మిగతా సగం బుట్టలో వేశాడు. మెచ్చుకున్నది పూర్తిగా, తిన్నది సగం. రెడ్డిగూడెం నుంచి వచ్చిన ఒకావిడ తెల్లగా తిని, టెంకను మా బకెట్టులోనే కడిగి, “నాటుకుంటానమ్మా” అని అక్కయ్యకు చెప్పి చెంగున కట్టుకుపోయింది. మేనల్లుడు ఆవిడ వెళ్ళిన వైపు చాలాసేపు చూశాడు. ఫోను మీట నొక్కాడో లేదో నేను గమనించలేదు.

అందరికంటే నన్ను తికమక పెట్టింది బాపులపాడు నుంచి వచ్చిన ఒకాయన. టోపీతో ఒకసారి, టోపీ లేకుండా ఒకసారి, తలకు తువ్వాలు చుట్టుకుని ఒకసారి కనిపించాడు. ముగ్గురా, ఒక్కడా అని నేను పరకాయించి చూస్తుంటే ఆయనే అడిగాడు.

“ఏంటండీ అలా చూస్తున్నారు? ఎక్కువ తిన్నానా?”

“అది కాదండీ. ఇందాక వచ్చింది మీరేనా అని.”

“ఇందాక వచ్చింది మా తమ్ముడండీ.”

పక్కనున్న ఆయన భార్య చెంగుతో మూతి తుడుచుకుంటూ, “మీకు తమ్ముడెక్కడున్నాడు? ఇది నాలుగోది, పెద్దాయన రాసుకుంటున్నారు, నిజం చెప్పండి” అంది.

“నాలుగోదైతే ఏంటంట? ఇంట్లో నువ్వు పెడుతున్నావా?”

ఆయనను ఒక్కడిగానే రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. అయిదున్నరకు నా పుస్తకంలో అలాంటి ప్రశ్నార్థకాలు పద్నాలుగు ఉన్నాయి. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను ఒక్క పట్టికలోనూ ప్రశ్నార్థకం పెట్టలేదు.

ఆ సమయానికి నా లెక్క డెబ్భై తొమ్మిది, మేనల్లుడి ఫోను లెక్క డెబ్భై ఒకటి. ఇద్దరం ఒకే బల్ల దగ్గర, ఒకే గంపను చూస్తూ నిలబడినవాళ్ళమే.

“నేను మధ్యలో మంచినీళ్ళకి వెళ్ళాను మామయ్యా, అప్పుడు పోయుంటాయి” అన్నాడు.

“ఎంతసేపు వెళ్ళావు?”

“ఎవరు చూశారు? ఆ జనంలో తాగి రావడమే గొప్ప.”

ఆరు గంటల అయిదు నిమిషాలకు ఇవ్వడం ఆపేశాం. మిగిలిన పళ్ళు పదకొండు, నలిగిపోయినవి నాలుగు. అంటే చేతుల్లోకి వెళ్ళినవి నూట పదిహేడు. మనుషుల లెక్క మీద ఎవరికీ నమ్మకం లేదు కాబట్టి ఒక పద్ధతి చెప్పాను: టెంకలు కదలవు, టోపీలు మార్చవు, ముందు వాటిని లెక్కపెడదాం. అందులోంచి సగం తిని వదిలేసినవి తీసేద్దాం, ఒక్కరే తిన్న రెండోవీ మూడోవీ తీసేద్దాం, పంచుకు తిన్నవాళ్ళకు రెండో మనిషిని కలుపుదాం. మేనల్లుడు ఒప్పుకున్నాడు. అక్కయ్య బుట్ట తన ముందుకు లాక్కుని, పదేసి చొప్పున కుప్పలు పెట్టడం మొదలుపెట్టింది. మైకు హోరులో ఆవిడ మాట వినబడాలని నేను బల్లకు పెడగా తిరిగి, చెవి అటు పెట్టి, వినబడిన అంకెకల్లా ఒక గీత గీశాను.

“లాభం... రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు... ఆరున్నొకటి... ఎనిమిది... తొమ్మిది... పది.”

మళ్ళీ “లాభం... రెండు...”

అంతా అయ్యాక గీతలు కూడి చూశాను. నూట రెండు. రెండోసారి కూడినా నూట రెండే. వెనక్కి తిరిగి చూస్తే బల్ల మీద పదకొండు కుప్పలు, విడిగా నాలుగు టెంకలు. నూట పద్నాలుగు.

“పన్నెండు టెంకలు ఎక్కువగా ఉన్నాయి” అన్నాను.

“ఎక్కువెందుకుంటాయి? నేను చెప్పింది నువ్వు రాయలేదు” అంది అక్కయ్య.

“నువ్వన్న ప్రతి అంకే రాశాను.”

“లాభం రాశావా?”

“లాభం అంకె కాదుగా అక్కయ్యా. మొదలుపెట్టేముందు శుభానికి అనే మాట.”

“మొదటిదాన్నే లాభం అంటారు. అదే ఒకటి. నాన్న కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు నువ్వెక్కడున్నావురా?”

“బళ్ళో ఉన్నాను.”

“అందుకే” అంది.

మేనల్లుడు కుప్పల వంక చూస్తూ నవ్వాపుకుంటున్నాడు. “మరి ఆరున్నొకటి ఏంటమ్మా?”

“ఏడు. కొలిచేచోట ఏడూ, ఏడూ అంటామా? ఎవర్ని ఏడవమని?”

“అయితే అమ్మ లెక్కలో ఒకటీ లేదు, ఏడూ లేదు. మామయ్య లెక్కలో లాభం లేదు.”

వాళ్ళిద్దరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్ని కల్లాల్లో రైతులు కుంచాలతో కొలుస్తూ గట్టిగా చెబుతుంటే, కాస్త ఎడంగా కూర్చుని రాసుకున్న రోజులు ఉన్నాయి. వాళ్ళు కూడా లాభంతోనే మొదలుపెట్టి ఉంటారు. అప్పుడు నేను గీత గీశానా, కలం ఎత్తి ఆగానా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. సంతకం పెట్టి పైకి పంపిన ఆ కాగితాలు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయో కూడా తెలియదు.

అక్కయ్య నన్ను మోచేత్తో కదిపింది. “తరవాత బాధపడుదువుగాని. లెక్క తేల్చు.”

కూర్చుని మొదటి నుంచి చేశాను. బుట్టలో టెంకలు నూట పద్నాలుగు. కండ మిగిల్చినవి తొమ్మిది తీసేస్తే నూట అయిదు. చెంగున కట్టుకుపోయినది కలిపితే నూట ఆరు. ఒకటికి మించి తిన్నవాళ్ళ అదనపు పళ్ళు పదిహేను, పోతే తొంభై ఒకటి. పంచుకు తిన్న జంటలు ఆరు, వాళ్ళలో రెండో మనుషులను కలిపాను. పళ్ళు ఇచ్చిన లెక్కకూ టెంకల లెక్కకూ మధ్య ఇంకా రెండు టెంకల తేడా ఉంది. అవి ఏమయ్యాయో ఎవరూ చూడలేదు. చూడనివాటిని ఎటూ వేయలేదు.

“ఎంతరా?”

“తొంభై ఏడు.”

అక్కయ్య పైట కొంగుతో చేతుల జిగురు తుడుచుకుంటూ, “ఈ పూటకి తొంభై ఆరున్నొకటి అనలేకపోయావా?” అంది.

మేనల్లుడు నవ్వలేదు. మిగిలిన పదకొండు పళ్ళ వంక చూసి, “మనం ముగ్గురం ఉన్నాంగా. ఒక్కొక్కటి తింటే వంద” అన్నాడు. షరతు పెట్టినవాడు తనే.

నేను పుస్తకం మూయకుండా ఆగాను. లెక్కపెట్టేవాడు లెక్కలో చేరకూడదన్నది నా నియమం. నా బదులు అక్కయ్యే అంది.

“మన చెట్టు కాయ మనం తిని, జనం తిన్నారని చెప్పుకుంటామా? వద్దు. మామయ్య తొంభై ఏడన్నాడు. అంతే.”

“అమ్మా, చెట్లు నీవి. నేను సర్దుకుంటానంటుంటే నువ్వు...”

“మాటిచ్చింది నువ్వొక్కడివే కాదుగా.”

ఇద్దరిలో ఎవరు ఎవరి వైపు మాట్లాడుతున్నారో నాకు అర్థం కాలేదు. చెట్లు కొట్టిస్తానన్నవాడు ఉంచే దారి వెతుకుతున్నాడు. ఉంచాలన్న ఆవిడ ఆ దారి మూసేస్తోంది. మేనల్లుడు నన్ను చూసి, “తొంభై ఏడుకి ఆరు చెట్లూ తీయించాలా మామయ్యా? నువ్వే చెప్పు” అన్నాడు. తొంభై ఏడు వంద కాదని చెప్పగలను. దాని మీద ఏం చేయాలో ఆ అంకె నాకు చెప్పలేదు. ఆ మాటే అన్నాను. ముగ్గురం సామాను వ్యాన్లోకి ఎక్కించాం.

సోమవారం సాయంత్రం అక్కయ్య ఫోను చేసింది. “కాలవ గట్టు మీదున్న రెండు చెట్లూ తీసేసుకోమన్నాను. రెండేళ్ళుగా సరైన కాపు లేదు వాటికి. తక్కినవి వాడు ముట్టనన్నాడు.”

“రెండే ఎందుకు?” అని అడిగాను.

“వంద కాలేదుగా. ఏమీ ఇవ్వకుండా ఎలా ఊరుకుంటాను?”

“మరి వాడు ఎలా ఒప్పుకున్నాడు?”

“వాడినే అడుగు. ఆ రెడ్డిగూడెం ఆవిడ టెంక తీసుకెళ్ళిందని పొద్దున్నుంచి మూడుసార్లన్నాడు.”

తొంభై ఏడుకూ నాలుగు చెట్లకూ మధ్య ఏ నిష్పత్తి పెడితే కుదురుతుందో ఆ రాత్రి కాగితం మీద వేసి చూశాను. ఏదీ కుదరలేదు. మూడు తక్కువైతే రెండు చెట్లు పోవడం ఏ లెక్కన? వాళ్ళకు కుదిరింది. నాకు కుదరలేదు.

మంగళవారం ఉదయం ముసునూరు వెళ్ళాను. జేసీబీ తొమ్మిది గంటల నలభై నిమిషాలకు వచ్చింది, పదకొండు గంటల పదిహేను నిమిషాలకు వెళ్ళిపోయింది. తోటలో ఒక్కొక్క మొదలు దగ్గరకూ వెళ్ళి, చేత్తో తాకి లెక్కపెట్టాను. తిన్నవారు తొంభై ఏడుగురు. తీసిన చెట్లు రెండు. నిలిచిన చెట్లు నాలుగు.